వినని సంగీతమును వినిపించిన రేడియో

మన యిండ్లలో తరచుగ జరుగు చిన్న విషయమొకటి కలదు. తల్లి క్రొత్త కూర వండినప్పుడు పిల్లలు రుచి చూడకయే వలదందురు. తల్లి వారిని కసరదు. "ఒక్క ముద్ద తిని చూడుడు, పిమ్మట మీ యిష్టము" అనును. ఆ ముద్ద తినినవారిలో కొందరు మారు వడ్డించుకొందురు. కొందరు కంచమును ప్రక్కకు జరుపుదురు. ఉభయులకును ఆ దినమున కొంత తెలివి కలిగినట్లే. ముద్దయే పెట్టని యింట పిల్లలకు తమ యిష్టానిష్టములు తమకే తెలియకుండ పోవును.

సంగీతవిషయమున మనమందరము ఆ పిల్లలవంటి వారమే. వినిన పాటనే వినగోరుదుము. వినని దానిని వినకయే తృణీకరింతుము. అయినను లోకమున ప్రతి తరమునందును క్రొత్త సంగీతము పుట్టుచునే యున్నది, దానిని వినువారును ఏర్పడుచునే యున్నారు. వారికి ఆ మొదటి ముద్ద పెట్టినదెవరు? ఈ ప్రశ్నకు గడచిన డెబ్బది, ఎనుబది సంవత్సరముల చరిత్రనుండి సమాధానము వెదకుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వము సంగీతము వినదగిన తావులు మూడు: దేవాలయము, ప్రభువుల ఆస్థానము, సభ. ఈ మూడింటను పెద్దలు ఆమోదించినదే వినబడుచుండెను. పైగా ఆ తావులకు అందరికిని ప్రవేశము లేదు. కులమును బట్టి కొందరు, ధనమును బట్టి కొందరు, స్త్రీలగుటచేతనే కొందరు వెలుపల నిలిచిరి. పిమ్మట గ్రామఫోను వచ్చెను. అది సంగీతమును ఇంటికి తెచ్చిన మాట నిజమే. కాని ప్లేటు కొనువాడు తానెరిగిన పాటనే కొనును. అంగడివాడు జనులు కొను ప్లేటునే తెప్పించును. ఎవరును ఎరుగని పాట ఆ అంగడి గడప యెక్కుట దుర్లభము.

రేడియో ఈ స్థితిని మార్చెను. ఒక పాట ప్రసారమైన పిదప దానిని పదిమంది వినినను పదివేలమంది వినినను కర్చు ఒక్కటే. వినువాడు తన గదిలో తాను కూర్చుండి వినును. అతని కులమును, చదువును, కట్టినబట్టను అడుగువారు లేరు. నచ్చనిచో మీట త్రిప్పును, ఎవరి మనస్సును నొచ్చదు. ఇట్టి సాధనము చేతికి వచ్చినప్పుడు, దానిని జనులు కోరినదే పెట్టుటకు వాడవలెనా, కోరుటకు ఇంకను తెలియని దానిని పెట్టుటకును వాడవలెనా యను వాదము బయలుదేరెను. లండనులో బి.బి.సి. వారు 1946 సెప్టెంబరు 29వ తేదీన "థర్డ్ ప్రోగ్రాము" అను పేర మూడవ కార్యక్రమమును ఆరంభించి, సాయంకాలములందు కఠినమైన సంగీతమునకును సాహిత్యమునకును చోటిచ్చిరి. దీనిని వినువారు కొలదిమందియే. అందరు చెల్లించిన లైసెన్సు రుసుమును కొందరికై వ్యయపరచుట న్యాయమా యని పలువురు అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము ఐరోపాలోని మరి మూడు పట్టణములలో దొరకును.

మొదటిది పారిసు. పియెర్ షఫేర్ అను నతడు 1910లో జన్మించెను. తండ్రి వయొలిను విద్వాంసుడు, తల్లి గాయని. కుమారుడు మాత్రము ఇంజనీరై ఫ్రెంచి రేడియోలో ఉద్యోగమున చేరెను. 1948లో అతడు రికార్డు చేయు యంత్రమును బతిన్యోల్ రైలుస్టేషనుకు తీసికొనిపోయి, ఇంజనుల ఈలలను, ఆవిరి చప్పుళ్లను, చక్రముల మ్రోతను పట్టుకొని వచ్చెను. అప్పటి కతని చేతిలో టేపు లేదు, ప్లేట్లే సాధనము. గ్రామఫోను ఉన్న యిండ్లవారికి ఒక అనుభవము తెలియును: ప్లేటుపై గాటుపడినచో ముల్లు ముందుకు సాగక, ఒకే మాటను మరల మరల పలుకుచుండును. మనము దానిని లోపమని తలచి ముల్లు నెత్తి పెట్టుదుము. షఫేరు ఆ లోపమునే ఉపాయముగ గ్రహించి, గాడిని వలయముగ మూసి, ఒక్క చప్పుడును ఆగకుండ తిరుగునట్లు చేసెను. అట్లు తిరుగగా తిరుగగా అది ఇంజను చప్పుడను మాట వినువాడు మరచును; దాని లయయు, నాదమును మాత్రమే చెవికి మిగులును. ఈ విధముగ కూర్చిన చిన్న రచనలు 1948 అక్టోబరు 5వ తేదీన "రొదల కచేరీ" యను పేర పారిసు రేడియోలో ప్రసారమైనవి. ఆ రచనలకు వేదిక లేదు, గాయకుడు లేడు. అవి రేడియోలోనే పుట్టి రేడియోలోనే వినబడిన సంగీతము.

రైలు రొద సంగీతమెట్లగునని చదువరులు అడుగవచ్చును. ఆ సందేహము సహజమే. మేమును దానిని దాటివచ్చిన వారమే. కాని మన కచేరీలలో మృదంగము ప్రక్కన కూర్చుండు ఘటమును తలచుకొందము. అది మట్టికుండ. నీళ్లు మోయు జాతికి చెందిన పాత్రలో తాళమున్నదని మొట్టమొదట వినిన చెవి యెవరిదో మనకు తెలియదు. పింగాణి గిన్నెలలో నీరు పోసి వాయించు జలతరంగమును అట్టిదే. వాడుక వస్తువునందు నాదమును వినుట మనకు క్రొత్త కాదు. అలవాటైన పిదప అది క్రొత్తదని మనము మరచితిమి. అంతమాత్రమున షఫేరు రచనలన్నియు ఘటవాద్యముతో సమానమని మేము చెప్పబోము. వినకముందు తీర్పు చెప్పరాదని మాత్రమే మా మనవి.

రెండవది జర్మనీలోని కొలోను పట్టణము. అచ్చటి రేడియోవారు రాత్రి పొద్దుపోయిన పిదప సంగీతమునకై ఒక కార్యక్రమము నడపుచుండిరి. 1951 అక్టోబరు 18వ తేదీ రాత్రి హెర్బర్టు ఐమెర్టు, రాబర్టు బేయెరు, వెర్నరు మేయెర్-ఎప్లెరు అనువారు ఎలక్ట్రానిక్ ధ్వనుల లోకమును గూర్చి ఆ కార్యక్రమమున ప్రసంగించి శ్రోతలకు మాదిరులు వినిపించిరి. ఆ దినముననే అట్టి సంగీతమునకు ప్రత్యేకముగ ఒక స్టూడియో ఏర్పరుపవలెనని నిశ్చయమయ్యెను. ఆ స్టూడియోలో వీణ లేదు, పియానో లేదు. రేడియో ఇంజనీర్లు తమ యంత్రములను సరిచూచుకొనుటకు వాడు ధ్వనిజనకములు, వడపోత యంత్రములు, టేపు రికార్డర్లు ముఖ్యముగ నుండెను. టేపు సెకనుకు సుమారు 76 సెంటీమీటర్ల వేగమున పరుగెత్తుచుండెను. స్వరకర్త ఒక్కొక్క ధ్వనిని పుట్టించి, టేపుపై నెక్కించి, ఎంత కాలము వినబడవలెనో అంత పొడవు కొలిచి, కత్తితో కోసి, అతికించవలెను. అట్టి తునకలు వందలకొలది చేరిన గాని ఒక్క నిమిషపు సంగీతము కాదు. మగ్గముపై జలతారు నేయువారి ఓపికయే దీనికి సాటి.

1928లో జన్మించిన కార్‌ల్‌హైన్జ్ స్టాక్‌హౌజెన్ 1953లో ఈ స్టూడియోలో చేరెను. అతని తల్లి మతి చలించి ఆసుపత్రిలో నుండగా నాజీ ప్రభుత్వమువారు ఆమెను చంపిరి. తండ్రి యుద్ధమునకు పోయి తిరిగి రాలేదు. ఇట్టి యువకుడు 1955, 1956 సంవత్సరములలో కష్టించి "బాలుర గీతము" అను అర్థమిచ్చు పేరుగల రచనను ముగించెను. దాని నిడివి సుమారు 13 నిమిషములు. కథ బైబిలులోనిది: బంగారు ప్రతిమకు మ్రొక్కుమని రాజు శాసింపగా ముగ్గురు యువకులు నిరాకరించిరి, రాజు వారిని మండుచున్న కొలిమిలో త్రోయించెను, వారు కాలిపోక ఆ మంటలోనే నిలిచి భగవంతుని స్తుతించిరి. ఇది వినినంతనే మనకు ప్రహ్లాదుడు జ్ఞప్తికి వచ్చును. స్టాక్‌హౌజెన్ పండ్రెండేండ్ల బాలుని కంఠమును రికార్డు చేసి, దానిని తునుకలు చేసి, యంత్రధ్వనులతో కలిపి, ఏది మనుష్యస్వరమో ఏది యంత్రస్వరమో తెలియనంతగ పెనవైచెను. 1956 మే 30వ తేదీన కొలోను రేడియోవారి పెద్దహాలులో, సభికులకు పలుదిక్కుల లౌడుస్పీకర్లు నిలిపి దానిని వినిపించిరి.

మేము ఈ రచనను తొలిసారి వినినప్పుడు నాలుగు నిమిషములకు మించి కూర్చుండలేకపోతిమి. దూరమున బడి విడిచిన పిల్లల కేకలును, పెంకుటింటిపై వానచినుకులును కలసినట్లు తోచెను. ఒక మిత్రుడు "ఆ బాలుని మాటను మాత్రమే వెంబడింపుడు, తక్కినదానిని విడిచిపెట్టుడు" అని సలహా చెప్పెను. అట్లు వినగా మాట యొకమారు మంటలో మునుగుటయు, మరియొకమారు తేలి స్పష్టమగుటయు చెవికి చిక్కినవి. అప్పుడు గాని ఆ కథకును ఆ ధ్వనులకును గల సంబంధము మాకు బోధపడలేదు. ఎవరో యొకరు ఒక్క వాక్యము చెప్పుటచే మూసియున్న తలుపు తెరచుకొనుట మేమెరిగిన సత్యము.

ఇక మూడవ పట్టణమగు బుడాపెస్టు. ఈ వ్యాసమునకు ప్రాణమైన ఘట్టమిదియే.

జ్యోర్జి లిగెటి 1923 మే 28వ తేదీన ట్రాన్సిల్వేనియాలో, హంగరీ భాష మాటలాడు యూదు కుటుంబమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున నాజీల నిర్బంధశిబిరములలో అతని తండ్రియు తమ్ముడును మరణించిరి. తల్లి మాత్రము ఆష్‌విట్జ్‌నుండి బ్రతికి వచ్చెను. యుద్ధము ముగిసిన పిదప అతడు బుడాపెస్టులో సంగీతము చదివి, 1950 మొదలు అచ్చటి సంగీతవిద్యాలయమున ఉపాధ్యాయుడుగ నుండెను. కాని దేశము ఒక నియంతృత్వమునుండి వెడలి మరియొక నియంతృత్వము క్రిందికి వచ్చెను. స్టాలిను కాలపు శాసనమును బట్టి సంగీతము సులభముగను, ఉత్సాహకరముగను ఉండవలెను. అపస్వరముగ తోచునది ప్రజాద్రోహము. ఆ దేశమునకే మహాకీర్తి తెచ్చిన బార్టోకు రచనలలో కొన్నింటిని సైతము వాయింపనీయలేదు. లిగెటి జానపదగీతములను కూర్చి ప్రకటించుచు, తన మనస్సుకు తోచిన సంగీతమును వ్రాసి బీరువా అరలో దాచుకొనుచుండెను.

అట్టి దినములలో అతనికి వెలుపలి లోకము వినబడిన ఒకే రంధ్రము రేడియో. పడమటి దేశముల ప్రసారములను ప్రభుత్వమువారు యంత్రముల రొదతో చెరచుచుండిరి. ఆ రొద నడుమ లిగెటి రాత్రులందు కొలోను కార్యక్రమమునకు చెవియొగ్గి, దొరికిన స్వరములను ఏరుకొనుచుండెను. కొంత కట్టుబాటు సడలిన 1956లో కొలోనువారితో ఉత్తరప్రత్యుత్తరములు నడపెను. ఆ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన హంగరీ ప్రజలు తిరుగబడిరి. నవంబరు 4వ తేదీన సోవియటు టాంకులు బుడాపెస్టు వీధులలో ప్రవేశించి కాల్పులు సాగించినవి. ప్రజలు ప్రాణములు దక్కించుకొనుటకై నేలమాళిగలలో దాగిరి. నవంబరు 7వ తేదీన కొలోను రేడియో "బాలుర గీతము"ను ప్రసారము చేసెను. నేలమాళిగలో రేడియో సరిగా వినబడదు. అందరు క్రింద నుండగా, లిగెటి పైకి వచ్చి, వెలుపల గుండ్లు పేలుచుండగా ఆ పదమూడు నిమిషముల సంగీతమును వినెను. ఈ సంగతి అతడు పిమ్మట పలుమారు చెప్పెను.

ఒక పాటకై ప్రాణమునకు తెగించుట అవివేకమని చదువరులు తలచవచ్చును. ఆ వీధులలో అప్పుడు చచ్చినవారు వేలకొలది. వారి త్యాగము ముందు ఈ సంగీతప్రియుని సాహసము చిన్నదే. కాని ఆలోచించి చూడుడు. ఏమి వినవలెనో, ఏమి వినరాదో ప్రభుత్వము శాసించు దేశమున, ఒకడు తన చెవి తనదేయని నిలిచినాడు. కొలిమిలో నిలిచి పాడిన బాలుర కథను, మంటలనడుమ నిలిచి యొకడు వినెను. ఆ రాత్రి ఆ కార్యక్రమమును ప్రసారము చేసినవారు తమ శ్రోతలెవరో ఎరుగరు. ఎంతమంది వినిరని లెక్కించినచో ఆ సంఖ్య వారికి లజ్జాకరముగనే తోచియుండును. ఆ లెక్కలో చేరని శ్రోత యొకడు బుడాపెస్టులో నుండెను.

తరువాతి కథ క్లుప్తముగ చెప్పుదుము. డిసెంబరులో లిగెటి రైలులో తపాలా సంచుల క్రింద దాగి, పిమ్మట కాలినడకన సరిహద్దు దాటి ఆస్ట్రియా చేరెను. 1957లో కొలోనుకు పోయి, తాను చాటుగ వినిన ఆ స్టూడియోలోనే పనిచేసెను. అచ్చట నేర్చిన ధ్వనుల పొందికను అతడు యంత్రములు లేకుండ, వయొలినులకును పిల్లనగ్రోవులకును నేర్పెను. 1961 అక్టోబరు 22వ తేదీన జర్మనీలోని డొనావ్‌ఎషింగెనులో "అట్మాస్ఫియర్స్" అను అతని రచనను మొదటిసారి వాయించిరి. దానిని వ్రాయించినదియు ఒక రేడియో సంస్థయే. అందు పాటగ పాడుకొనదగిన వరుస లేదు, తాళము లేదు. మబ్బు రూపము మారుచున్నట్లు నాదము నెమ్మదిగ మారును. సభికులు మరల వాయింపుమని కోరిరి, వెంటనే మరల వాయించిరి. 1968లో స్టాన్లీ కూబ్రిక్ తన "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" చిత్రమున దానిని వాడగా, లిగెటి పేరైన ఎరుగని లక్షలమంది దానిని వినిరి. అందరి రుసుమును కొందరికై వ్యయపరచుట న్యాయమా యను ప్రశ్నకు ఇది సమాధానము. ఆ కొందరిలో నొకడు తాను పొందిన దానిని అందరికి మరల చెల్లించెను.

ఇచ్చట స్త్రీలను గూర్చి ఒక మాట చెప్పక విడువరాదు. బి.బి.సి.లో ఇట్టి ధ్వనులకై 1958లో ఏర్పడిన "రేడియోఫోనిక్ వర్క్‌షాపు"ను పట్టుపట్టి స్థాపింపజేసిన ఇద్దరిలో డాఫ్నీ ఓరమ్ అను స్త్రీ యొకతె. అందు పనిచేసిన డీలియా డెర్బీషైరు గణితమును సంగీతమును చదివినది. చదువు ముగిసిన పిదప ఒక రికార్డుల కంపెనీని ఉద్యోగమడుగగా, రికార్డింగు గదిలో స్త్రీలకు పని ఈయమని వారు చెప్పి పంపిరి. ఆమెయే 1963లో "డాక్టర్ హూ" అను టెలివిజను కథకు రాన్ గ్రేనర్ వ్రాసిన మొదటి బాణీని, ఒక్కొక్క స్వరమును టేపుపై కోసి అతికించి, వాద్యమేదియు వాయింపక నిర్మించెను. కొలోను రాత్రి కార్యక్రమమునకు భయపడిన ఇండ్లలో పిల్లలు ఈ బాణీని శనివారము సాయంకాలము సంతోషముగ వినిరి. 2013 వరకు ఆమె పేరు తెరపై కానరాలేదు. అప్పటికామె మరణించి పండ్రెండేండ్లు గడచినవి.

ఇంతవరకు చెప్పినది రేడియోవారు శ్రోతకు పెట్టిన ముద్ద. శ్రోతలే రేడియోవారికి పెట్టిన ముద్ద మరియొకటి కలదు. జాన్ పీల్ అను నతడు 1967లో బి.బి.సి. రేడియో 1 ఆరంభమైనప్పుడు అందు చేరి, 2004 అక్టోబరు 25వ తేదీన పెరూ దేశమున మరణించువరకు, 37 సంవత్సరములు పాటలు వినిపించెను. అతని పద్ధతి విచిత్రమైనది. ఒక పాట పిమ్మట దానికి ఏమాత్రము పోలికలేని మరియొక పాటను పెట్టును. ఒక్కొక్కప్పుడు ప్లేటును తప్పు వేగమున త్రిప్పి, తెలిసినపిదప క్షమాపణ చెప్పుకొనును. పేరులేని బృందములను స్టూడియోకు పిలిపించి, వారి పాటలను తన కార్యక్రమమునకై ప్రత్యేకముగ రికార్డు చేయించును. అట్టి రికార్డింగులు నాలుగువేలకు పైబడినవి. 1973లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ అను యువకుని మొదటి ప్లేటును, రెండు ప్రక్కలను ఆసాంతము వినిపించెను. 1978లో ఉత్తర ఐర్లండునుండి వచ్చిన "అండర్‌టోన్స్" అను కుర్రవాండ్ర పాటను వినిపించి, తనివితీరక వెంటనే మరల పెట్టెను.

ఆ ప్లేట్లును టేపులును అతనికి ఎచ్చటనుండి వచ్చినవి? పెక్కు తపాలాలోనే వచ్చినవి. చిన్న ఊళ్లలో వంటగదులలోను పడకగదులలోను పాడి రికార్డు చేసికొనిన బాలబాలికలు తమ టేపులను అతనికి పంపిరి. వినినవారు ఆ కార్యక్రమమును తమ టేపులపై పట్టుకొని స్నేహితులకు పంచిరి. 1976 మొదలు సంవత్సరాంతమున తమకు నచ్చిన పాటలను శ్రోతలే వ్రాసి పంపగా అతడు ఏబది పాటల పట్టీ ప్రకటించుచుండెను. ఆ పట్టీ పలుమారు అతని యిష్టముతో కలియలేదు; అయినను ప్రకటించెను. ఒక్కని రుచి ద్వారమువద్ద కాపలాయుండుట ప్రమాదమే. పీలు ఆ ప్రమాదమును చాలవరకు తప్పించుకొనుటకు కారణము, తనకు తెలియనిది ఇంకను ఎంతో కలదని అతడు నమ్మి, ప్రతిదినము తపాలా సంచి విప్పి వినుటయే.

మన దేశపు రేడియో ఈ విషయమున రెండు పాఠములు నేర్పును. 1952లో కేంద్రమున సమాచార ప్రసారశాఖ మంత్రియైన బి. వి. కేస్కరు శాస్త్రీయసంగీతమున మిక్కిలి అభిమానము గలవాడు. సినిమాపాటలు జనుల రుచిని చెరచుచున్నవని తలచి, ఆకాశవాణిలో వానిని కట్టడిచేసెను. ఉద్దేశము మంచిదే. ఫలితమేమనగా, జనులు మీట త్రిప్పి సిలోను రేడియోను పట్టుకొనిరి. ఆ సంవత్సరము డిసెంబరులో సిలోనునుండి ఆరంభమైన "బినాకా గీతమాల"కు దేశమంతయు చెవి యప్పగించెను. తుదకు ప్రభుత్వమువారే 1957 అక్టోబరు 3వ తేదీన సినిమాపాటలకై "వివిధభారతి"ని నెలకొల్పవలసివచ్చెను. పిల్లవాని చేతిలోని మిఠాయిని లాగుకొని కషాయమిచ్చినచో వాడు పొరుగింటికి పరుగెత్తును.

అదే 1952లో ఆకాశవాణివారు చేసిన మరియొక పని నిర్బంధము లేకుండ ఫలించెను. శనివారము రాత్రులు దేశమంతట ఒక్కమారుగ వినబడు జాతీయ సంగీతకార్యక్రమమును వారు ఆరంభించిరి. దానివలన మద్రాసు, విజయవాడ కేంద్రములను పట్టుకొను తెలుగువారి యిండ్లలో హిందూస్థానీ ఖ్యాలు వినబడెను. ఉత్తరాదివారి యిండ్లలో త్యాగరాజకృతి వినబడెను. అంతవరకు అవి ఒకరి కొకరికి పరభాషలే. ఆకాశవాణి వాద్యబృందమున ఉత్తరదేశపు సితారును దక్షిణదేశపు వీణను ఒక్కచోట కూర్చుండబెట్టి క్రొత్త రచనలు చేయించిరి. ద్రాక్షారామమున జన్మించిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఢిల్లీలో ఆ వాద్యబృందమును నడపినవారిలో నొకడు. నచ్చినవారు వినిరి, నచ్చనివారు నిద్రించిరి. ఎవరును సిలోనుకు పారిపోలేదు.

ఇక ఎవరును వినిపింపని సంగీతమున కేమి గతి పట్టునో చూడుడు. అహమ్మదాబాదునకు చెందిన గీతా సారాభాయి 1946లో న్యూయార్కు పోయి, అచ్చటి స్వరకర్తయగు జాన్ కేజికి మన సంగీతతత్త్వమును బోధించి, అతనియొద్ద పాశ్చాత్యసంగీతమును నేర్చెను. తిరిగివచ్చునప్పుడు అతనికి శ్రీరామకృష్ణుల బోధనల గ్రంథమును కానుక యిచ్చెను. ఇంతకంటె మేలైన ఇచ్చిపుచ్చుకొనుట యుండదు. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో, అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ సహాయమున, మూగ్ అను ఎలక్ట్రానిక్ వాద్యముతో ఒక స్టూడియో ఏర్పడెను. ఆమెయు మరికొందరు భారతీయులును అందు రచనలు చేసి టేపులపై నెక్కించిరి. కొలోనులో జరిగిన పనివంటిదే మన దేశమునను జరిగెను. కాని వాని వెనుక కొలోను రాత్రివేళవంటి వేళ యొకటి లేదు. స్టూడియో కొద్ది సంవత్సరములకే మూతపడెను. టేపులు సంస్థ భాండారములో దుమ్ముపట్టి దాదాపు అర్ధశతాబ్దము పడియుండెను. ఇంగ్లండులోని సంగీతకారుడు పాల్ పర్గాస్ వానిని వెలికితీసి, 2020లో బి.బి.సి. రేడియో 3లో ఆ కథ చెప్పెను. 2023లో అవి ఆల్బముగ వెలువడినవి. మన యింటి బిడ్డల రచనలను పరదేశపు రేడియో చెప్పగా మనము వినవలసివచ్చెను.

నేడు రేడియోపెట్టె పెక్కు యిండ్లలో మూలపడినది. చేతిలోని ఫోనున లోకమునందలి సంగీతమంతయు కలదు. ఇక ఈ చరిత్ర మనకేలయని కొందరందురు. మా అభిప్రాయము వేరు. కొట్టునిండ సరకున్నంతమాత్రమున రుచి పెరుగదు. ఫోనులోని యంత్రము మనము నిన్న వినిన పాటను గుర్తుంచుకొని, దానికి తోబుట్టువువంటి పాటనే తరచుగ నేడు పెట్టును. అది పూర్వపు అంగడివానికంటె మర్యాదగలది, కాని అతని బుద్ధియే దానిది. లిగెటి వినిన రచన అతడు పూర్వము వినిన దేనికిని పోలికైనది కాదు. అందుచేతనే అది అతనికి అవసరమయ్యెను.

కావున గృహస్థులకు మా మనవి యిది. వారమున కొక్క గంట, ఇంటిల్లిపాది ఎరుగని సంగీతమున కీయుడు. అది జపానుదైనను, మన పొరుగు గూడెముదైనను సరియే; పొరుగు గూడెపు పాటను వినని యిండ్లే మనలో ఎక్కువ. ఆ గంటలో ఏమి వినవలెనో ఒక వారము తండ్రియు, ఒక వారము తల్లియు, ఒక వారము ఇంటి కోడలును, ఒక వారము పిల్లలును నిర్ణయింపవలెను. కోడలి వంతున అత్తగారు, పిల్లల వంతున తాతగారు లేచిపోరాదు. నచ్చనిచో నచ్చలేదని చెప్పవచ్చును, విని చెప్పవలెను. నచ్చినచో ఊరకుండక, ఆ రాత్రియే దూరముననున్న యొక స్నేహితునికి రెండు వాక్యములు వ్రాయుడు: ఇది వినుము, ఇందులో ఈ తావున చెవి పెట్టుము అని. ఆ ఉత్తరము ఏ చీకటి గదిలో నున్నవాని చేతికి చేరునో మనకు తెలియదు. 1956లో కొలోనువారికిని తెలియదు. అయినను వారు తమ వేళను విడువలేదు, తమ ఉత్తరములను మానలేదు. మనము చేయవలసినదియు అంతియే.